బొమ్మల బాగులో పేరులేని ఆమె

గద్వాల నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను వనపర్తిలో మా ఇంటి వరండాలో కూర్చుని కందిపప్పు ఏరుతున్నాను. బొమ్మల బాగును, అదే మా గల్లీ వెనక పాత తోటను, పార్కు చేస్తున్నారట. ఆ పని ఆ అమ్మాయి చూస్తోందట. "బొమ్మలన్నీ కడిగిపిచ్చినం మేడం. ఒక్కోదాని కింద పేరు బోర్డు పెట్టాలె. ఎవర్నడిగినా తలొక పేరు చెప్తున్నరు. మీరు ఆ గల్లీలనే పుట్టిన్రంట గదా, పుస్తకాలు గూడ రాస్తరంట. జర వచ్చి ఎవరెవరో చెప్పి పోరాదుండ్రి?" అన్నది. పుస్తకాలు రాసేవాళ్ళకు అన్నీ తెలుస్తాయని ఆ పిల్లకు ఎవరు చెప్పారో గాని, వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక చాటలోని పప్పు అట్లాగే ఉండిపోయింది. పులిసిన గంజి వాసన ఎక్కడి నుంచో ముక్కుకు తగిలినట్టయింది. మా ఇంట్లో గంజి కాచి ఎన్ని ఏళ్ళయిందో. ఆ బాగులో ఐదు బొమ్మలున్నాయి. నాలుగింటికి నేను రెండేసి పేర్లు చెప్పగలను. ఐదో ఆమె ఎవరని చిన్నప్పటి నుంచి నేనే అడుగుతున్నాను, ఎవరూ చెప్పలేదు.

సంస్థానం రోజుల్లో ఏ దొరసానికో మోజు పుట్టి ఎక్కడో సముద్రాల అవతల నుంచి ఆ తెల్లరాతి బొమ్మల్ని తెప్పించిందని చెప్పుకునేవాళ్ళు. రైల్లో వచ్చి, బండ్ల మీద ఎక్కి, గడ్డిలో చుట్టుకుని దిగాయట. కింద పీఠం మీద ఒక్క అక్షరం లేదు. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఎవరైనా ఉండి ఉంటే, మా కాలానికి వాళ్ళెవరూ మిగల్లేదు. సంస్థానం పోయాక తోట పట్టించుకునే దిక్కులేక అడవి పట్టింది. ప్రహరీ ఒకచోట కూలి, సరిగ్గా మా సాలె గల్లీ వెనకకు దారి ఇచ్చింది. మాకు కావలసిందీ అదే. మగ్గం మీదికి పోయే ముందు పడుగుకు, అంటే చీర నిలువు పోగులకు, గంజి పట్టించాలంటే నూలును పొడుగునా పరిచి, రెండు కొసలా తాళ్ళతో బిగించి, మధ్య మధ్య కర్రలు నిలబెట్టి, కుంచెతో దువ్వాలి. ఎండ ముదరకముందే ఆరాలి, కానీ ఎండ మొహం మీద కొట్టకూడదు. అంత పొడుగు, అంత నీడ మా ఇరుకు గల్లీలో ఎక్కడిది? అందుకే తెల్లవారక ముందే మా నాయన పడుగు చుట్టను భుజానేసుకుని, నాయన తల్లి మా అవ్వ గంజి కుండ నెత్తిన పెట్టుకుని, నాయన చెల్లెలు చిన్నత్త కుంచెలు పట్టుకుని, వెనక నేను కళ్ళు నులుముకుంటూ ఆ కూలిన గోడ దాటేవాళ్ళం.

ఆ పొద్దుటి వెలుగు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వస్తుంది. వేపపూత రాలే రోజుల్లో అయితే నేలంతా తెల్లగా, పైన మసక వెలుగు తెల్లగా, ఆ తెలుపులోంచి ఒక్కొక్కటే బొమ్మలు బయటికి వచ్చేవి. ముందు ఒక చెయ్యి, తరువాత ఒక మోకాలు, ఆ తరువాత మొహం. రోజూ చూసేవే అయినా రోజూ అప్పుడే నడిచొచ్చి నిలబడ్డట్టు ఉండేవి. గంజి కుండలోంచి ఆవిరి లేచేది. అవ్వ వక్క కొరుకుతూ కుంచెను నీళ్ళలో తడిపేది. నాయన మాట్లాడకుండా తాళ్ళు విప్పేవాడు. మా ఇంట్లో ఆ పనికి మాటలు తక్కువ. పక్షులే ఎక్కువ మాట్లాడేవి.

చెట్లుండగా పడుగు తాళ్ళను బొమ్మలకు ఎందుకు కట్టేవారని మీరు అడగవచ్చు. గాలికి చెట్టు ఊగుతుంది. చెట్టు ఊగితే పడుగు ఊగుతుంది, పోగులు తెగుతాయి. రాయి ఊగదు. అయితే రాయి అనుకుని కడితే సరిపోయేది, మా వాళ్ళు అట్లా అనుకునే మనుషులు కారు. మనిషి రూపం ఉంది, ఒంటి మీద బట్ట ఉంది, కాబట్టి దేవుడో దేవతో అయి ఉండాలి. దేవతల కాళ్ళకు తాడు కట్టేటప్పుడు పేరు పెట్టి పిలిచి, తప్పు కాయమని అడిగి కట్టాలి. పేరు తెలియకపోతే ఎవర్ని అడుగుతాం? అట్లా వచ్చిపడింది మా ఇంటి మీద ఈ పేర్ల పని. గల్లీలో మిగతా వాళ్ళు కూడా అవ్వ ఏ పేరు ఖాయం చేస్తే ఆ పేరే పిలిచేవాళ్ళు.

అవ్వ పద్ధతి వేరు. మొహం చూసేది కాదు, ముందు బట్ట చూసేది. నేతింటి మనిషి కదా. విల్లు పట్టుకుని ముందుకు అడుగేస్తున్న ఆమె చీరను మోకాళ్ళ పైకి ఎగదోపుకుని ఉంది. "ఆడది గిట్ల ఎగ్గట్టి విల్లు పట్టిందంటే సత్యభామ గాక ఇంకెవరు? నరకాసురుని మీదికి పోతుంది" అని తేల్చేసింది. ఆమె కాలి దగ్గర ఒక వేటకుక్క ఉంది. సత్యభామకు కుక్క ఎందుకని నేను అడిగాను. "యుద్ధానికి పోతుంటే ఎంబడి వచ్చుంటది. మన కుక్క సంతకు రాదా?" అన్నది అవ్వ. కూజాలోంచి ఏదో పోస్తున్న ఇంకొకామె పైట భుజం మీంచి జారి ఉంది. ఆమె మోహిని, అమృతం పంచుతున్నది. ఆమెకు మాత్రం తాడు కట్టనిచ్చేది కాదు. అసురుల్నే మోసం చేసినామె మన పోగుల్ని కాపాడుతుందా అని అవ్వకు అనుమానం.

రెక్కలున్న పిల్లవాడి దగ్గర పెద్ద చర్చే జరిగింది. చేతిలో విరిగిన విల్లు చూసి మన్మథుడని నాయన అన్నాడు. అవ్వ ఒప్పుకోలేదు. "మన్మథుడంటే పెండ్లయినోడు. వీనికింక పాలపండ్లే ఊడలే. రెక్కలున్నయి గద, గరుత్మంతుని కొడుకు అయ్యుంటడు" అన్నది. గరుత్మంతుడికి కొడుకు ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు, కనుక వాడు అదే అయిపోయాడు. ఇక గడ్డమున్న ఆయన చేతిలో త్రిశూలం ఉంది కాబట్టి శివుడనడంలో సందేహం లేదు. గడ్డమెందుకు, కాలికింద చేప ఎందుకు అన్నదే చిక్కు. అవ్వ చాలాసేపు చూసి, "సతీదేవి అగ్గిల పడి పోయినంక గడ్డం గీక్కోలే పాపం. నెత్తిమీది గంగ దిగిపోయింది, చేప కిందపడ్డది" అన్నది. నాయన ఆ మాట విని తన గడ్డం తడుముకుంటూ తాడు బిగించే పనిలో పడ్డాడు. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

ఐదో ఆమె సత్యభామకు సరిగ్గా ఎదురుగా, పడుగంత దూరంలో ఉండేది. తలమీది నుంచి కాళ్ళ దాకా బట్ట కప్పుకుని, ఆ బట్టను గుండె దగ్గర ఒక చేత్తో పట్టుకుని, తల కొంచెం వంచి నిలబడి ఉండేది. చేతిలో ఏ ఆయుధమూ లేదు, పువ్వూ లేదు, పక్కన జంతువూ లేదు. కప్పుకున్న బట్టకు అంచైనా లేదు. అంచు లేని బట్టను బట్టి ఏ దేవత అని పోల్చుకుంటారు? కానీ రోజూ మా పడుగు కట్టింది ఆమెకే. ఒక కొస సత్యభామకు, రెండో కొస ఆమెకు. సత్యభామ వైపు నేనూ నాయనా ఉండేవాళ్ళం. "సత్యభామమ్మా, తాడు కడ్తున్నం, తప్పు కాయి" అని నేను గట్టిగా అరిచేదాన్ని, అది నా పని. అటు కొస అవ్వది. అవ్వ వంగి, ఆ రాతి పాదాల దగ్గర తాడు చుడుతూ, పెదవులు కదిపేది. ఏమంటుందో నాకు వినపడేది కాదు. దగ్గరికి పోబోతే "ఆ కొస ఇడిసిపెట్టి ఎందుకొచ్చినవ్, పో" అని కసిరేది.

"ఆమె ఎవరు అవ్వా?" అని అడిగితే "తెల్వదు" అనేది. "పేరు తెల్వకుంటే ఏమని అడిగి కడ్తున్నవ్ మరి?" అంటే, "నీకెందుకే అవన్నీ, ఇంటికి పోయి కండెలు చుట్టు" అనేది. నాకు అది పెద్ద అన్యాయంగా తోచేది. అందరికీ నియమం పెట్టిన మనిషే ఆ నియమం తప్పుతుందని మూతి ముడుచుకుని రాట్నం దగ్గర కూర్చునేదాన్ని.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. చెప్పడానికి నా దగ్గర ఉన్నది చాలా తక్కువ. నేను పాకే వయసులో జ్వరం వచ్చి దవాఖానకు పోయింది, తిరిగి రాలేదు. ఫోటో లేదు. ఆమెది తుంగభద్ర దగ్గరి రాజోలి, వాళ్ళదీ నేతిల్లే. గద్వాల చీరకు నడుము నూలు, అంచులు పట్టు. నేతలోనే పోగుకు పోగు మెలేసి ఆ రెంటినీ కలిపే కుట్టు పని ఒక్కరి వల్ల కాదు, మగ్గం గుంతలో ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు అవ్వ, ఎడమవైపు అమ్మ కూర్చునేవాళ్ళట. అమ్మ పోయాక ఎడమవైపు చిన్నత్త కూర్చుంది. అంతే తెలుసు. మా ఇంట్లో అమ్మ పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఆ పేరు నేను మొదట విన్నది రాజోలిలో, మా అమ్మమ్మ నోట. ఎదురింటి ఈశ్వరమ్మ మాత్రం ఒకరోజు నా జడ వేస్తూ, "మీ అవ్వకు మీ అమ్మకు గడియసేపు పడకపోయేది బిడ్డా. పొద్దంత ఆ గుంతల కూసొని కొట్లాటనే" అన్నది. చిన్నపిల్లల దగ్గర అనే మాటలు పెద్దవాళ్ళు మరిచిపోతారు, పిల్లలు మరిచిపోరు. నచ్చని కోడలి పేరు కాబట్టే అవ్వ ఎత్తదని ఆ రోజే నాకు నేనే ఖాయం చేసుకున్నాను.

ఆ ముల్లు అట్లాగే ఉండిపోయింది. అవ్వ నాకు నెత్తికి నూనె రాసింది, అంబలిలో మజ్జిగ పోసి తాగించింది, బడికి పోనని ఏడిస్తే చెయ్యి పట్టి లాక్కుపోయింది. అయినా మా అమ్మను వద్దనుకున్న ఇంట్లో తింటున్నానని లోపల ఒక మూల బిగుసుకునే ఉండేది. వనపర్తిలో పంతులమ్మ ఉద్యోగం వచ్చాక గద్వాల పోవడం తగ్గించాను. అవ్వ పోయినప్పుడు పోయి, అందరితో పాటు కూర్చున్నాను గాని నాకు ఏడుపు రాలేదు. రానందుకు నామీద నాకే కోపం వచ్చింది.

బొమ్మల అసలు పేర్లు చాలా ఏళ్ళ తరువాత, ఒక పాత బొమ్మల పుస్తకంలో తెలిశాయి. సత్యభామ గ్రీకు రోమను వాళ్ళ వేటదేవత, అందుకే ఆ కుక్క. శివుడు వాళ్ళ సముద్రదేవుడు, చేప అందుకే. పిల్లవాడు వాళ్ళ మన్మథుడే, ఆ ఒక్కటి నాయన గెలిచాడు. కూజా ఆమె దేవతలకు పానీయం పోసేది, అంటే మోహినికి దూరపు చుట్టం. ఐదో ఆమెను చూసి పుస్తకం పక్కన పెట్టి కాసేపు నవ్వుకున్నాను. ఆమె దేవత కూడా కాదు. నాలుగు రుతువులను నలుగురు ఆడవాళ్ళుగా చెక్కుతారట, దుప్పటి కప్పుకున్నామె చలికాలమట. మిగతా మూడు రుతువులు ఏ దారిలో ఆగిపోయాయో. గద్వాల ఎండలో ఒంటరిగా వణుకుతూ నిలబడ్డ చలికాలానికి మేం ఇన్నేళ్ళు గంజి పడుగు కట్టామన్నమాట.

శ్రావణి రమ్మన్న రోజు పొద్దున్నే బస్సు దిగి ముందు చిన్నత్త దగ్గరికి పోయాను. నాయన తరంలో ఇంకా ఉన్నది ఆమె ఒక్కతే. గల్లీలో ఇళ్ళు పైకి లేచాయి, మగ్గాల చప్పుడు దిగిపోయింది. ఇప్పుడు గంజి పట్టిన పడుగులే తయారుగా వస్తాయి, ఎవరూ పొద్దున్నే లేచి గోడ దాటే పని లేదు. అది మంచిదే, నాయన భుజం మీద కాయలు నాకు తెలుసు. అయినా ఆ గల్లీలో నడుస్తుంటే కాళ్ళు ఏదో వెతుక్కున్నాయి. చిన్నత్త కుర్చీలో కూర్చుని టీవీ చూస్తోంది. చేతులు మాత్రం ఒళ్ళో ఊరికే ఏదో దువ్వుతున్నట్టు కదులుతున్నాయి.

"బొమ్మలకు పేర్లు రాసెతందుకు వచ్చినవా? మా అమ్మ పెట్టినవి ఉన్నయి గద, అవే రాయిపిచ్చు" అన్నది.

"నాలుగింటికి పెట్టింది అత్తా. ఆ ముసుగామెకు పెట్టలే గద" అన్నాను.

చిన్నత్త టీవీ చప్పుడు తగ్గించింది. "పెట్టకేంది? నీకు తెల్వదా?"

"నాకెట్ల తెలుస్తది, నన్ను సత్యభామ దగ్గర నిలబెడ్తుండె. దగ్గరికొస్తే తిడ్తుండె."

"నీవు వింటవనే గద తిడ్తుండె." చిన్నత్త నావైపు తిరిగి కూర్చుంది. "కుంచె పట్టుకొని నేను పక్కనే ఉంటుంటి. తాడు చుట్టేటప్పుడు రోజూ ఒక్కటే మాట. 'నాగేంద్రమ్మా, ఎడమ కొస నీది, జర పట్టుకో' అంటుండె. ఒక్కోనాడు పోగు తెగితే, 'ఏందే నాగేంద్రమ్మా, నిన్న గిట్లనే ఇడిసిపెట్టినవ్, ఇయ్యాలన్న కుదురుగ ఉండు' అని కొట్లాడుతుండె. ఆమెతోని మగ్గం గుంతల ఎట్ల కొట్లాడిందో గట్లనే."

నాగేంద్రమ్మ మా అమ్మ పేరు.

"మరి ఇంట్ల ఎందుకు అనకపోయేది?" అన్నాను.

"ఇంట్ల అంటే మీ నాయన అన్నం ముందట నుంచి లేసిపోతుండె. నీవు అమ్మ ఏదని తలుపు దిక్కు చూసి ఏడుస్తుంటివి. అందుకని ఇంట్ల ఆ పేరు ఎవ్వరు ఎత్తొద్దని మా అమ్మనే చెప్పింది. ఆమెకేమో ఆ పేరు పిలువకుంటే పొద్దు పోదు." చిన్నత్త కొంగుతో మూతి తుడుచుకుంది. "నేను ఇన్నేండ్లు ఎడమదిక్కు కూసున్న గద బిడ్డా. ఒక్కనాడు గూడ నాతోని కొట్లాడలే. నా పని ఎంత పాడైనా ఏమనలే. అప్పుడే తెలిసింది నాకు, ఆ కొట్లాట ఎంత పెద్దదో."

అవ్వ పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. టీవీలో ఎవరో వంట చేస్తున్నారు, మా చిన్నత్త నా వీపు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి మెల్లగా దువ్వింది, పడుగును దువ్వినట్టే. ఇన్నేళ్ళు నేను అవ్వ మౌనాన్ని తప్పు చదివాను. చదువు చెప్పి బతికినదాన్ని, ఇంట్లో ఉన్న ఒక్క మనిషిని చదవలేదు. కానీ ఆ పూట నాకు బాధకన్నా తేలికదనమే ఎక్కువ తెలిసింది. మా అమ్మ ఆ ఇంట్లో అందరికీ కావలసిన మనిషే.

బాగుకు ఇప్పుడు ఇనుప గేటు వచ్చింది. కూలిన గోడ మళ్ళీ లేచింది, మా గల్లీ దారి మూసుకుపోయింది. నడవడానికి ఎర్రరాళ్ళు పరిచారు. బొమ్మలు కడిగి కడిగి కొత్త పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి, నాకు కొంచెం సిగ్గేసింది. శ్రావణి ఎదురొచ్చింది, చెవి మీద పెన్ను, పాదాలకు మట్టి. ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి రెండేసి పేర్లు చెప్పాను, పైన అవ్వ పెట్టింది, కింద పుస్తకంలోది. "రెండు రాస్తే జనం పరేషాన్ అయితరు మేడం" అన్నది. "కానియ్యి" అన్నాను. గరుత్మంతుని కొడుకు దగ్గర ఆ పిల్ల పడీపడీ నవ్వింది, అది మాత్రం తప్పకుండా రాస్తానన్నది.

ఐదో ఆమె దగ్గరికి వచ్చేసరికి పొద్దు కొంచెం ఎక్కింది. తల వంచుకుని అట్లాగే ఉంది. ఆ వంపులో ఏదో విచారం ఉందనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇప్పుడు చూస్తే పనిలో ఉన్న మనిషి పోగు వైపు చూస్తున్నట్టుంది. పీఠం మీద, పాదాల దగ్గర రాయి సన్నగా అరిగి ఉంది. ఎంతోమంది తాళ్ళు చేసిన ఆ గాడిలో నా వేలు సరిగ్గా పట్టింది.

"ఈమె పేరు మేడం?" అన్నది శ్రావణి.

"చలికాలం అని రాయి. పైన ఏం రాయకు, ఖాళీ ఉంచు" అన్నాను. ఊరంతా చదువుకోవడానికి అవ్వ ఆ పేరు పెట్టలేదు.

అంతలో కోడేరు నుంచి పనికొచ్చిన బాలస్వామి అనే ఆయన తాడు చుట్ట పట్టుకుని వచ్చాడు. పూలమొక్కలు తిన్నగా నాటడానికి ఒక కొస అప్పటికే సత్యభామకు కట్టి వచ్చాడు. రెండో కొస చుట్టడానికి పీఠం దగ్గర వంగాడు.

"జర ఆగు నాయనా. అడిగి కట్టు" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ఎగతాళి చేస్తాడేమో అనుకున్నాను, చేయలేదు. భుజం మీది తువ్వాల తీసి చేత పట్టుకున్నాడు. "అడుగుతనమ్మా. ఏమని పిలవాలె?"

పిలవాల్సింది నేనే. కానీ కన్నతల్లిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు మాత్రం మెల్లగా పేరు చెప్పాను.

బాలస్వామి తాడు చుడుతూ, పక్కింటి మనిషిని పిలిచినంత మామూలుగా, పెద్ద గొంతుతో అన్నాడు. "నాగేంద్రమ్మా, తాడు కడ్తున్న, జర పట్టుకో తల్లీ."

గద్వాలలో ఆ పేరు ఒకరు పైకి పిలవగా నేను వినడం అదే మొదలు.